సంహిత రైఫిలు పేలని ఉదయం

కివాక్, హడ్సన్ బే ఒడ్డు, కెనడా
జనవరి 21

సాగర్,

నిన్న ఉదయం పదకొండు నలభైకి నా రైఫిలు పేలలేదు. రెండుసార్లు నొక్కాను. రెండుసార్లూ పేలలేదు.

నాకు ఏమీ కాలేదు. ఈ మాట ముందు రాయకపోతే నువ్వు మిగతాది చదవవు.

ఎలుగుబంట్ల లెక్క తీసే శాస్త్రవేత్తనూ, అతనికి తోడు వచ్చే ఎలైజానూ నా విమానంలో ఎక్కించుకుని సముద్రపు మంచు మీద దిగాను. ఎలైజా ఈ ఊరివాడే, యాభై దాటాయి. నేను ఈ దేశం వచ్చిన ఇన్నేళ్లకు, పోయిన మేలో ఈ ఊరికి మారిన రోజు నుంచీ ఏ మంచు మీద విమానం దింపవచ్చో, ఏది విరుగుతుందో నేర్పినవాడు. ఎలుగుల కోసం వాళ్లు అమర్చిన కెమెరా స్తంభం ఒకటి వంగిపోతే ఎలైజా దాన్ని సరిచేస్తున్నాడు. కాపలా నాది. చలి మైనస్ నలభై మూడు. మంచు దిబ్బ వెనక నుంచి ఆడ ఎలుగు వచ్చింది. చూసేసరికి ఎలైజాకు ఇరవై గజాల దూరంలో ఉంది.

మా విమానంలో తుపాకి ఎందుకుంటుందో నీకు తెలుసు. దారిలో ఎక్కడైనా దిగిపోవాల్సి వస్తే మేం బతకడానికి. ఎలుగు దగ్గరికొస్తే గాల్లోకి పేల్చి దాన్ని తరమడానికి. చప్పుడుకు అది వెళ్లిపోతే మనిషీ మిగులుతాడు, అదీ మిగులుతుంది. వేసవిలో నాలుగుసార్లు అలా పేల్చాను, నాలుగూ వెళ్లిపోయాయి. నిన్న గాల్లోకి ఎత్తి నొక్కాను. పేలలేదు. ఆ తూటా తీసేసి మరొకటి ఎక్కించి నొక్కాను. అదీ అంతే. అప్పటికి ఎలుగు ఎలైజా మీద పడింది. శాస్త్రవేత్త విమానంలో ఆపద సంకేతానికి ఉంచే ఎర్రమంట పిస్తోలు తీసి పేలిస్తే వదిలి పోయింది. ఎలైజా చేతికి దెబ్బ తగిలింది. ఆస్పత్రికి నేనే విమానంలో చేర్చాను.

పోలీసులు రైఫిలు తీసుకెళ్లారు. విచారణ అయ్యేదాకా కంపెనీ నన్ను ఎగరవద్దంది. కెప్టెన్‌గా ఇంకా ఆరు వందల నలభై గంటలు నింపాలి. అవి నిండితే బేగంపేటలోనో శంషాబాద్‌లోనో ఉద్యోగం, నువ్వూ నేనూ ఒక ఊళ్లో. ఆ లెక్క నిన్నటితో ఆగింది.

ఫోన్ చేయలేదని కోప్పడకు. ఇక్కడి నెట్‌లో సగం మాట పోతుంది. ఎప్పటిలా కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను.

సంహిత


గన్‌ఫౌండ్రీ, అబిడ్స్, హైదరాబాద్
జనవరి 23

సంహితా,

నీ ఉత్తరం షాపులో చదివాను. గట్టయ్య మామకు వినిపించాను. రైఫిలు మాట మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"పిల్ల ఎట్లున్నది, గది జెప్పు ముందుగాల. బందూకు సంగతి తర్వాత."

"మంచిగనే ఉన్నది మామా."

"మంచిగుంటె నువ్వెందుకు గట్ల తెల్లబడ్డవ్? జర కూసో. చాయ్ తాగు."

తర్వాత మాత్రం నన్ను కూర్చోనివ్వలేదు. నలభై ఏళ్లుగా మా షాపులో తుపాకులు బాగుచేస్తున్న మనిషి. మీ నాన్న బ్యాంకు గార్డుగా తన డబుల్ బ్యారెల్ తుపాకి తెచ్చినప్పుడు పక్కన నిలబడి ప్రశ్నలు వేసిన పదహారేళ్ల పిల్లకు రైఫిలు విప్పడం, బిగించడం నేర్పింది తనే. "నేను నేర్పిన చెయ్యి గది. గా చెయ్యి తప్పు చెయ్యది. బందూకే ఏందో చేసింది. అడుగు" అన్నాడు.

అందుకే అడుగుతున్నాను. నొక్కినప్పుడు చప్పుడు వచ్చిందా? వస్తే ఎలాంటిది, ఖంగుమని గట్టిగానా, మెత్తగానా? ఆ రెండు తూటాలు దొరికాయా? నొక్కినప్పుడు తూటా వెనక కొట్టే పిన్ను పెట్టిన గుంట ఎంత లోతుంది? తూటాలు ఏ పెట్టెలోవి, వేసవిలో వాడినవేనా? లోపల తుప్పు ఏమైనా ఉందా? రైఫిలు ఎంతసేపటి నుంచి బయట ఉంది?

నేను వచ్చేసేవాణ్ణి. ఎన్నికల కోడ్ పడింది. లైసెన్సు ఉన్నవాళ్లంతా తుపాకులు జమ చేస్తున్నారు. నిన్నటికి అరవై రెండు మన స్ట్రాంగ్ రూములో ఉన్నాయి. షాపు లైసెన్సు నా ఒక్కడి పేరు మీద ఉంది కాబట్టి అవి వెనక్కి వెళ్లేదాకా నేను ఊరు దాటకూడదు.

నుమాయిష్ ఎగ్జిబిషన్ నడుస్తోంది, దారంతా జనం. సాయంత్రం నాంపల్లిలో మన ఇంటికి నడిచి వెళ్లడానికి ముప్పావు గంట పడుతోంది. పోయినేడు ఈ జనంలో నువ్వు నా చొక్కా అంచు పట్టుకుని నడిచావు. ఈ ఏడు నేను ఒక్కణ్ణే జనాన్ని తోసుకుంటూ ఇంటికి పోతున్నాను.

నీ సాగర్


కివాక్
ఫిబ్రవరి 5

సాగర్,

పోలీసులు రైఫిలును పరీక్షించారు. స్టేషను వెనక గదిలో ఇరవై తూటాలు పేల్చారు. ఇరవైకి ఇరవై పేలాయి. లోపం ఏదీ లేదని రాశారు.

దాంతో కంపెనీ ఒక నిర్ణయానికి వచ్చినట్టే ఉంది. నేను భయంతో బిగుసుకుపోయి నొక్కనే లేదని వాళ్ల అనుమానం. నొక్కాననుకున్నానట. అలా చాలామందికి జరుగుతుందట. విచారణకు వచ్చినావిడ ఈ మాట చాలా మర్యాదగా చెప్పింది, నీళ్లు కూడా ఇచ్చింది.

మొదటి ఉత్తరంలో నీకు తక్కువ చెప్పాను. ఎలైజా కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. ఆ ఎలుగును మర్నాడు అటవీ అధికారులు వెతికి చంపారు. మనిషి మీద పడ్డదాన్ని ఉంచకూడదని నియమం. దాని మెడ పట్టీ నంబరు నూట పద్నాలుగు. శాస్త్రవేత్త దాన్ని పిల్లగా ఉన్నప్పటి నుంచీ లెక్కలో రాసుకుంటున్నాడు. నా తుపాకి ఒక్కసారి మోగి ఉంటే అది వెళ్లిపోయేది.

నీ ప్రశ్నలకు జవాబులు. చప్పుడు మెత్తగా ఉంది, పిండి డబ్బాలో చెంచా పెట్టినట్టు. తూటాలు మంచులో పోయాయి, రెండు రోజులు వెతికారు, దొరకలేదు. వేసవిలో వాడిన పెట్టెలోవే. రైఫిలు గంటకు పైగా నా భుజాన బయటే ఉంది. తుప్పు మచ్చయినా లేదు, ఎలా ఉంటుంది? దసరాకు ఇటు వస్తున్న నా స్నేహితురాలు ప్రణవితో నువ్వు పంపిన గట్టయ్య మామ నూనె డబ్బా సగం అయిపోయింది. మీరు షటర్ సగం దించి షాపులోని తుపాకులకు నూనె పెట్టే ప్రతి ఆదివారం నేనూ ఇక్కడ కూర్చుని పెడతాను, పిన్ను స్ప్రింగు దాకా. మామ చెప్పినట్టే.

వేలికి మందపాటి తొడుగు ఉంది. ట్రిగ్గరు కదిలినట్టే గుర్తు. కానీ ఇప్పుడు, పదిమంది అడిగాక, ఆ చప్పుడు విన్నానా లేక తర్వాత కల్పించుకున్నానా అని తెలియడం లేదు. నువ్వు కారణం కనిపెడతావని ఎదురు చూస్తున్నాను. నాకు ఇంకెవరూ లేరు అడగడానికి.

సంహిత


నాంపల్లి
ఫిబ్రవరి 9

సంహితా,

రెండుసార్లు చదివాను. ఎలైజా వేళ్ల సంగతి చదివి లేచి బాల్కనీలోకి వెళ్లాను. స్టేషనులో ఏదో రైలు ఆలస్యం అని మూడు భాషల్లో చెబుతున్నారు.

కొన్నిటికి కారణం దొరకదేమో. షాపుకు వచ్చే తుపాకుల్లో ఒక్కోటి అలా ఉంటుంది, ఒకరోజు మొండికేస్తుంది, మన చేతికి వచ్చాక బుద్ధిగా పేలుతుంది. నువ్వు చేయగలిగింది చేశావు.

వచ్చెయ్. ఎగరకపోతే ఏం? ఇక్కడ ఎగరని మనుషులు కోటిమంది ఉన్నారు. పై గదికి సున్నం వేయించాను. ఆదివారం మన షటర్ ముందు పాత పుస్తకాలు పరిచే బిచ్చయ్య నువ్వు అడిగావని విమానాల మ్యాపుల పుస్తకం ఒకటి పక్కన పెట్టాడు, మూడు వారాలుగా ఎవరికీ అమ్మడం లేదు. నీ దిండు నేను వాడటం లేదు. రాత్రి అన్నం ఒక్కడికి వండితే ఎప్పుడూ మిగులుతుంది, నాలుగేళ్లయినా కొలత రాలేదు.

విచారణ వాళ్లు ఏది రాస్తే అది రాయనీ. నువ్వు ఇంటికి వస్తే చాలు నాకు.

నీ సాగర్


కివాక్
ఫిబ్రవరి 20

సాగర్,

నీ ఉత్తరంలో ఒక్క ప్రశ్న లేదు.

పన్నెండేళ్లుగా నిన్ను ఎరుగుదును. కుక్కరు విజిలు సరిగా రాకపోతే విప్పి చూసేదాకా అన్నం తినవు. రెండు తూటాలు పేలకపోతే కారణం దొరకదేమో అని రాశావు. అంటే నువ్వూ వాళ్ల మాటే నమ్మావు. చెప్పడానికి మనసొప్పక గదికి సున్నం వేయించావు.

ఎలైజా మొన్న ఆస్పత్రి నుంచి వచ్చాడు. చూడటానికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబడితే, ఎడమచేత్తో కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. "నేను విన్నాను. రెండుసార్లు మెత్తగా టక్‌మంది. చచ్చిపోతున్నప్పుడు చెవులు బాగా పనిచేస్తాయి" అన్నాడు. విచారణలో ఆ మాట చెప్పాడు. నా మీద అభిమానంతో చెబుతున్నాడని రాసుకున్నారట.

కంపెనీ ఒక కాగితం ఇచ్చింది. ప్రమాద సమయంలో నేను తుపాకి పేల్చలేకపోయానని ఒప్పుకుంటూ సంతకం పెడితే ఇక్కడితో ముగిస్తారు. పైలట్ లైసెన్సు జోలికి రారు, ఉద్యోగం మాత్రం ఉండదు. ఆ కాగితం చూసి నన్ను తీసుకునే కంపెనీ ప్రపంచంలో ఉంటుందని నేను అనుకోను. ఇరవై ఏడు శుక్రవారం సాయంత్రంలోగా ఇవ్వాలి.

పెట్టేస్తాను. నువ్వు కోరుకున్నట్టే మార్చి మొదటి వారంలో ఇంట్లో ఉంటాను. బిచ్చయ్యతో ఆ పుస్తకం అమ్మేసుకొమ్మని చెప్పు.

సంహిత


అబిడ్స్
ఫిబ్రవరి 23

సంహితా,

సంతకం పెట్టకు. నువ్వు నొక్కావు. రైఫిలు పేలకపోవడానికి కారణం మన నూనె. ఇది నాకు ఈ నెల ఎనిమిదో తేదీ ఆదివారం మధ్యాహ్నం నుంచీ తెలుసు.

తొమ్మిదిన రాసిన ఉత్తరంలో సున్నం నిజం, దిండు నిజం. కారణం దొరకదేమో అన్నది మాత్రం పచ్చి అబద్ధం.

నూనె డబ్బా సంగతి నువ్వు రాయగానే నాకు అనుమానం వచ్చింది. పిన్ను స్ప్రింగు దాకా పెట్టానన్నావు. వానాకాలం మూసీ గాలికి ఇనుము తుప్పు పట్టకుండా మామ తన నూనెలో పెట్రోలియం జెల్లీ కలుపుతాడని నీకు తెలుసు. మన ఊళ్లో అది మేలే చేసింది. ఆ ఆదివారం మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం పార్సిళ్లు కట్టే దుకాణానికి వెళ్లి డ్రై ఐస్ తెచ్చాను. షాపులో పనికిరాని పాత రైఫిలు బోల్టుకు, అంటే పిన్ను, స్ప్రింగు ఉండే ముక్కకు, అదే నూనె పెట్టి, టిఫిన్ డబ్బాలో డ్రై ఐస్ మధ్య ఉంచాను.

"ఏందిది? బోల్టుకు ఐస్‌క్రీం తినిపిస్తున్నవా?" అన్నాడు మామ.

"జర ఆగు మామా."

"ఆగుత, ఆగుత. దానికి జలుబు చేస్తె దవాఖానకు నువ్వే తీస్కపో."

థర్మామీటరు మైనస్ నలభై చూపించినప్పుడు బోల్టు బయటికి తీసి, బట్టల సబ్బు మీద పిన్నును వదిలాను. మామూలు వేడిలో పిన్ను సబ్బులోకి పూర్తిగా దిగింది. చలిలో పైన చిన్న చుక్క పెట్టి ఆగిపోయింది. నూనె మైనంలా గడ్డకట్టి స్ప్రింగును పట్టుకుంది. మెత్తటి చప్పుడు కూడా వచ్చింది, నువ్వు రాసినట్టే. పెట్రోలుతో కడిగి, పొడిగా అదే చలిలో మళ్లీ చేస్తే పూర్తిగా దిగింది. పోలీసులు వెచ్చటి గదిలో పేల్చారు కాబట్టి వాళ్లకు ఇరవైకి ఇరవై పేలాయి.

మామ నవ్వడం మానేశాడు. సబ్బు చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర చాలాసేపు చూశాడు.

"నలభై ఏండ్లు తుప్పుతోని కొట్లాడిన బిడ్డా. సలితోని గాదు" అన్నాడు. తర్వాత, "పిల్లకు ఇయ్యాల్నే రాయి."

నేను రాయలేదు. ఎందుకో చెబుతాను. రాస్తే నీ పేరు మీద మచ్చ పోతుంది. పోతే ఆరు వందల నలభై గంటలూ అక్కడే నింపుతావు, ఇంకో ఏడాది పైన. రాయకపోతే నెలలో ఇంట్లో ఉంటావు. ఒక రాత్రి కూర్చుని ఇంతే లెక్క వేసుకున్నాను. లెక్కలో నువ్వు ఉన్నావు, నీ ఎగరడం లేదు. నీ మాట మీద నీకే నమ్మకం పోతోందని చదివాక కూడా ఆ ఉత్తరం రాశాను. నీకు దూరంగా ఉన్న నాలుగేళ్లలో నేను చేసిన అతి నీచమైన పని ఇదే.

మామ రోజూ అడిగాడు, రాసినవా అని. రాసిన అన్నాను. నిన్న ఆదివారం నూనె పెడుతూ "ఏమన్నది మరి?" అన్నాడు. చెప్పాల్సి వచ్చింది.

"గా పిల్ల పిర్కిదని కాయితం రాపిస్తుంటె, నువ్వు నోరు మూస్కొని కూసున్నవా?"

"ఇంటికొస్తదని మామా..."

"ఎవరొస్తరు? గట్లొచ్చేది మన సంహితనా? షటర్ నువ్వే దింపుకో. నేను పోత."

చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. ఈ ఉదయం ఎనిమిదింటికే నాంపల్లి కోర్టు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాతో. నోటరీ దగ్గర టైపు చేసే అతను మా కథ విని, "ఎలుగుబంటి కేసా సార్? నా సర్వీసుల గిసుంటిది రాలె" అన్నాడు. నేనొకటి, మామ ఒకటి సంతకం పెట్టాం. నూనె కలిపింది తనని మామ, పంపింది నేనని నేను. తప్పంతా మాదేనని రాశాం. బోల్టు పరీక్ష వీడియో, నోటరీ కాగితాలు దీంతో పంపుతున్నాను. వాళ్లు డ్రై ఐస్‌ను నమ్మకపోవచ్చు. రైఫిలును ఎవరూ కడిగి ఉండకపోతే, ఒక రాత్రి బయట పెట్టి నొక్కి చూడమను.

క్షమించమని అడగడం లేదు. శుక్రవారంలోగా ఇది వాళ్లకు ఇవ్వు.

సాగర్


కివాక్
మార్చి 15

సాగర్,

మూడు వారాలు రాయలేదు. ఒక వారం కోపంతో. మిగతా రెండు, ఏం రాస్తే నిజం అవుతుందో తేల్చుకోలేక.

నీ కాగితాలు శుక్రవారం మధ్యాహ్నం ఇచ్చాను. సంతకం పెట్టలేదు. విచారణ మళ్లీ తెరిచారు. రైఫిలు సీలు వేసిన సంచిలో ఉంది, ఎవరూ విప్పలేదు, కడగలేదు.

కోపం గురించి ఒకే మాట. ఆ పద్నాలుగు రోజులు నేను అద్దంలో ఒక పిరికిదాన్ని చూశాను. దాన్ని నువ్వు ఆపగలిగేవాడివి. ఇది నీకు ఎదురుగా కూర్చుని ఇంకోసారి చెబుతాను, అప్పుడు నువ్వు లేచి బాల్కనీలోకి వెళ్లకూడదు.

నేనూ ఒకటి దాచాను. తప్పంతా మాదేనని నోటరీ ముందు రాశారు. అది నిజం కాదు. అక్టోబరులో మొదటి మంచు పడ్డప్పుడే ఎలైజా నాతో అన్నాడు, "చలికాలం తుపాకి పొడిగా ఉండాలి, నూనె తుడిచెయ్" అని. తుడిచాను. తర్వాతి ఆదివారం మళ్లీ డబ్బా మూత తీశాను. ఇక్కడ చలికాలం గాలిలో తడి ఉండదు, ఏదీ తుప్పు పట్టదు, ఆ సంగతి నాకు తెలుసు. ఆ డబ్బా మూత తీస్తే షాపు వాసన వస్తుంది. దించిన షటరు, మామ గొణుగుడు, మసి గుడ్డతో నువ్వు. అరగంట పాటు గదిలో ఉండేవారు మీరిద్దరూ. రోజూ ఉదయం ఇంజను నూనె గడ్డకట్టకుండా విమానానికి దుప్పటి కప్పి వేడి పెట్టేదాన్ని నేను. రైఫిలులోనూ నూనే ఉందని ఒక్కరోజూ తట్టలేదు. తట్టనివ్వలేదేమో.

ఇది ఎలైజాకు ముందు చెప్పాను, తర్వాత విచారణలో చెప్పాను. ఎలైజా పోయిన వేళ్ల చోటు రుద్దుకున్నాడు. "మీ ఆయన ఉన్న ఊళ్లో చలే ఉండదా?" అని అడిగాడు. డిసెంబరులో స్వెట్టరు వేసుకుంటారని చెప్పాను. అప్పుడు నవ్వాడు. నన్ను క్షమించాడో లేదో తెలియదు. వెళ్లేటప్పుడు ఎండబెట్టిన చేప ఇచ్చాడు.

పరీక్ష ఒప్పుకున్నారు. రైఫిలును ఎల్లుండి, మంగళవారం పేలుస్తారు. పేలకపోతే, నేను భయపడి బిగుసుకుపోయానన్న మాట కొట్టేస్తారు. తుపాకి సరిగా చూసుకోలేదని నెల రోజులు ఎగరనివ్వరు, తర్వాత నా సీటు నాకు ఇస్తారు. గంటలు నిండేసరికి వచ్చే ఏడాది ఏప్రిల్ అవుతుంది. పేలితే పాత కాగితమే. పందొమ్మిదో తేదీ ఉదయం విమానంలో విన్నిపెగ్, అక్కడి నుంచి హైదరాబాద్.

పేలకూడదని కోరుకో సాగర్. నిన్ను ఇది అడగడం నాకూ కష్టంగానే ఉంది. నేనూ అదే కోరుకుంటున్నాను, సాయంత్రాలు తప్ప.

రేపు సాయంత్రం ఆరింటికి రైఫిలును పోలీసు స్టేషను వెనక తాళం వేసిన కంచెలో వేలాడదీస్తారు. రాత్రికి మైనస్ ముప్పై నాలుగు అని చెబుతున్నారు. మంగళవారం ఉదయం పదింటికి సార్జెంటు రెండు తూటాలు ఎక్కించి నొక్కుతాడు. ఎలైజా, నేను కంచె బయట నిలబడతాం. నీకు అప్పుడు రాత్రి ఎనిమిదిన్నర. మామను ఇంటికి పంపకుండా షాపులోనే ఉంచు. పది గంటల ఐదు నిమిషాలకు నెట్ ఉన్నా లేకపోయినా ఫోన్ చేస్తాను.

సంహిత